నౌపడ పట్టాలు – వెబ్ పనిముట్లు

మన ప్రాంతములో నౌపడ జంక్షను పేరు వినని విద్యార్థి ఉండడు. ఒక వైపు ఉప్పు మళ్ళు, మరొక వైపు టెక్కలి మీదుగా కొండసీమలకు పోవు రైలుదారి, నడుమ హౌరా–చెన్నై ప్రధాన మార్గము. పర్లాకిమిడి రాజుగారు తమ పట్టణమును ప్రధాన మార్గముతో కలుపదలచి వేయించిన చిన్న రైలు 1900వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన నౌపడ నుండి నడవ నారంభించినది. 1931 నాటికి ఆ దారి గుణుపురము వరకు సాగినది. ప్రధాన మార్గములో రెండు పట్టాల నడుమ వెడల్పు ఐదున్నర అడుగులు; రాజుగారి దారిలో రెండున్నర అడుగులు మాత్రమే. కాబట్టి పెద్ద బండిలో వచ్చిన బస్తా చిన్న బండి ఎక్కవలెనన్న, నౌపడలో దింపి, మోసి, మరల ఎక్కింపవలసినదే. ప్రయాణికుల పాటును అట్టిదే. 2004లో ఆ చిన్న బండిని ఆపి, దారిని వెడల్పు చేసి, 2011లో గుణుపురము వరకు పెద్ద బండ్లను నడిపిరి. నాటితో బస్తా మార్చు పని తీరినది.

వెబ్ పుటలను నిర్మించు పనిముట్లను గూర్చియు, క్రొత్త సాధనములు జనులలో నాటుకొను విధమును గూర్చియు ఈ సంచికకు వ్రాయ పూనినప్పుడు మాకు మొదట తోచినది ఈ నౌపడ కథయే. చిన్న రైలు చెడ్డ రైలు కాదు. నూరేండ్లకు పైగా కొండ ఊళ్ళకు అదే ఆధారమై నిలిచినది. దాని లోపమంతయు ఒక్కటే: పక్కనున్న పెద్ద దారితో దాని పట్టాలు కలియలేదు. సాంకేతిక సాధనముల చరిత్రలో పదే పదే కనబడు నిజమిదియే. గొప్పదైనందువలననే ఏ సాధనమును నిలువదు. ఉన్నవానితో కలిసినది, తొలి అడుగు తేలికగా వేయనిచ్చినది నిలుచును. ఈ నిజము కంప్యూటరు శాస్త్రము చదువువారికి మాత్రమే గాక, తెలుగు, ఉర్దూ భాషలలో చదివి వ్రాయు మన అందరికిని ఎట్లు సంబంధించినదో వివరించుటకు ప్రయత్నింతుము.

వెబ్ పుట అనగా నేమి?

పెండ్లి పత్రిక నొకదానిని తలచుకొనుడు. అందులో వధూవరుల పేర్లు, తేదీ, వేళ, వేదిక ఉండును. ఇది విషయము. ఏ పేరు పెద్ద అక్షరములలో ఉండవలెను, అంచు ఏ రంగులో ఉండవలెను అనునది అలంకారము. అచ్చు పత్రికలో లేక వెబ్ పుటలో మాత్రమే ఉన్న మూడవ గుణ మొకటి కలదు: చదువరి తాకినప్పుడు బదులు పలుకుట. వేదిక పేరు తాకినచో దారి చూపుట, వచ్చెదమని తెలుపుటకు ఒక గడి నింపించుట వంటివి. ఈ మూడు పనులకును మూడు భాషలు ఏర్పడినవి. విషయమును పొందుపరచునది హెచ్.టి.ఎమ్.ఎల్.; అలంకరించునది సి.ఎస్.ఎస్.; బదులు పలికించునది జావాస్క్రిప్టు. పంపబడిన వ్రాతను చదివి, పుటగా చూపునది బ్రౌజరు.

ఈ వ్యవస్థను స్విట్జర్లాండులోని సెర్న్ పరిశోధన సంస్థలో పనిచేయుచుండిన టిమ్ బెర్నర్స్-లీ అను ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు 1989లో ప్రతిపాదించి, 1991లో లోకమునకు తెలిపెను. అదే 1991లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయము వారు గోఫర్ అను మరొక వ్యవస్థను వెలువరించిరి. అదియును దూర ప్రాంతపు కంప్యూటర్లలోని సమాచారమును వెదకి చదువుటకు ఉద్దేశింపబడినదే. తొలి రెండేండ్లలో గోఫర్‌దే పైచేయి. కాని 1993లో దాని సర్వరును వాడు వారిలో కొందరి నుండి రుసుము తీసికొందుమని ఆ విశ్వవిద్యాలయము ప్రకటించినది. అదే సంవత్సరము ఏప్రిల్ 30న సెర్న్ సంస్థ వెబ్‌ను ఎవరైనను ఉచితముగా వాడుకొనవచ్చునని లోకమునకు వదలివేసినది. ఆ సంవత్సరముననే బొమ్మలను, వ్రాతను ఒకే పుటలో చూపు మొజాయిక్ బ్రౌజరు వెలువడినది. తరువాత కొద్ది కాలములోనే గోఫర్ వెనుకబడి, వెబ్ విస్తరించినది. గోఫర్ శక్తి తగ్గినందువలన ఇది జరుగలేదు. రుసుము మాట వినినంతనే దానిపై కట్టడములు కట్టువారి మనస్సులలో శంక పుట్టినది. ఇతరుల నేలపై ఇల్లు కట్టుటకు ఎవరు ఇష్టపడుదురు?

పొరుగువాని పొలము చెప్పిన పాఠము

క్రొత్త వస్తువు జనులలో ఎట్లు పాకునన్న ప్రశ్నను కంప్యూటర్లకు ముందే వ్యవసాయ రంగములో పరిశీలించిరి. అమెరికాలోని అయోవా రాష్ట్రములో సంకరజాతి మొక్కజొన్న విత్తనము రైతులలో వ్యాపించిన తీరును బ్రైస్ రయన్, నీల్ గ్రాస్ అను సామాజిక శాస్త్రజ్ఞులు పరిశోధించి 1943లో ప్రచురించిరి. విత్తనమును గూర్చి రైతులకు మొదట తెలిపినవారు ఎక్కువగా అమ్మకపు ప్రతినిధులే. కాని నమ్మించినది పొరుగువాని పొలము. నమ్మిన రైతు సైతము ఒక్కసారిగా భూమి అంతటను ఆ విత్తనము వేయలేదు. మొదటి ఏట కొద్ది నేలలో వేసి, ఫలితము చూచి, ఏటేట పెంచుకొనుచు పోయెను. మన ఉద్దానపు రైతు క్రొత్త కొబ్బరి మొక్కను గాని, జీడి అంటును గాని నాటునప్పుడు అవలంబించు జాగ్రత్తయు ఇదియే కదా.

అయోవా రాష్ట్రములోనే పుట్టిన ఎవరెట్ రోజర్స్ అను ఆచార్యుడు ఇట్టి పరిశోధనలను సమీకరించి 1962లో ఒక గ్రంథము వ్రాసెను. క్రొత్త సాధనము నిలుచుటకు ఐదు గుణములను ఆయన పేర్కొనెను. మొదటిది, పాతదానికన్న లాభము. రెండవది, ఉన్న అలవాట్లతోను, ఉన్న వస్తువులతోను పొందిక. మూడవది, నేర్చుకొనుటలో సుళువు. నాలుగవది, కొద్దిగా వాడి చూచుటకు వీలు. ఐదవది, వాడిన ఫలితము ఇతరుల కంటికి కనబడుట. వెబ్ నిర్మాణ సాధనములను ఈ ఐదు గుణములతో పోల్చి చూచినచో, ఏది ఎందులకు నిలిచినదో, ఏది ఎందులకు రాలిపోయినదో తేటపడును.

నిలిచినవి, రాలినవి

జావాస్క్రిప్టు భాషను 1995లో బ్రెండన్ ఐక్ అను ఇంజనీరు పది దినములలో రూపొందించెనని ప్రసిద్ధి. తొందరలో పుట్టినది కాబట్టి అందు లోపములు మిగిలినవి. వానిని సరిచేయుటకు రెండు పెద్ద సంస్థలు రెండు త్రోవలు త్రొక్కినవి. గూగుల్ సంస్థ 2011లో డార్ట్ అను క్రొత్త భాషను ప్రకటించి, జావాస్క్రిప్టు స్థానమున అదే బ్రౌజర్లలో నడవవలెనని ఆశించినది. ఇతర బ్రౌజర్లవారు దానిని స్వీకరింపలేదు. 2015లో గూగుల్ వారే తమ క్రోమ్ బ్రౌజరులో డార్ట్ యంత్రమును చేర్చు యోచనను విడిచిరి. ఆ భాష పిమ్మట ఫోను అనువర్తనముల నిర్మాణములో వేరొక జీవితమును పొందినది. మైక్రోసాఫ్ట్ సంస్థ 2012లో వెలువరించిన టైప్‌స్క్రిప్టు త్రోవ వేరు. పాత జావాస్క్రిప్టు వ్రాతను పారవేయనక్కరలేదు. దానికే కొన్ని గుర్తులు చేర్చుకొనుచు పోవచ్చును. చివరకు అది జావాస్క్రిప్టుగానే మారి ఏ బ్రౌజరులోనైనను నడచును. ఒక్క ఫైలుతో మొదలుపెట్టి నచ్చినచో ముందుకు పోవచ్చును, నచ్చకున్న మానవచ్చును. నేడు పెద్ద పెద్ద కార్యములలో దానికి గల స్థానము అందరికిని తెలిసినదే. మొదటిది క్రొత్త పట్టాలు వేయుమన్నది. రెండవది ఉన్న పట్టాలమీదనే నడచినది.

హెచ్.టి.ఎమ్.ఎల్. విషయములోను ఇట్లే జరిగినది. ప్రమాణములను నిర్ణయించు డబ్ల్యు.త్రీ.సి. సంస్థ కట్టుదిట్టమైన వ్యాకరణముతో ఎక్స్.హెచ్.టి.ఎమ్.ఎల్. రెండవ రూపమును సిద్ధపరచ పూనినది. అది పాత పుటలతో పొందిక కోరలేదు. దాని వ్యాకరణము ననుసరించి పుటలో ఒక్క గుర్తు తప్పినను పుట మొత్తము చూపక నిలిపివేయవలెను. ఈ పోకడ నచ్చని బ్రౌజరు నిర్మాతలు 2004లో వేరొక కూటముగా ఏర్పడి, ఉన్న పుటలను పాడుచేయక క్రొత్త శక్తులు చేర్చు పద్ధతిని అవలంబించిరి. 2009లో మొదటి యత్నము విరమింపబడినది. రెండవదియే హెచ్.టి.ఎమ్.ఎల్. 5 అను పేర 2014లో ప్రమాణమైనది. లక్షలమంది సామాన్యులు తప్పులతో వ్రాసిన పుటలను లోకము నుండి వెలివేయు పండితుడు ఎంత నిర్దుష్టుడైనను, ఆయన వెంట నడచువారు కొలదిమందియే.

జె-క్వెరీ అను సాధనము చరిత్రయు తెలిసికొనదగినది. 2006లో జాన్ రెసిగ్ దానిని వెలువరించు నాటికి ఒక బ్రౌజరులో నడచిన వ్రాత మరొక దానిలో నడచునన్న నమ్మకము లేదు. జె-క్వెరీ ఆ భేదములను తానే భరించి, నిర్మాతకు ఒకే త్రోవ చూపినది. పుటలో ఒక్క పంక్తి చేర్చినచో చాలును, వాడుకకు సిద్ధము. నౌపడలో బస్తాలు మార్చిన కూలీలు చేసిన ఉపకారము వంటిదే ఇది. పిమ్మట బ్రౌజర్లు తమలో తాము కలియుట నేర్చినవి. జె-క్వెరీ చేసిన పనులలో పెక్కింటిని అవియే చేయుచున్నవి. అందువలన క్రొత్త పుటలకు దాని అవసరము తగ్గినది. గేజి కలిసినచోట బస్తా మార్చు పని తగ్గుట సహజము. అయినను ఎన్నో పాత వెబ్‌సైట్లలో అది నేటికిని పనిచేయుచునే యున్నది.

2013లో ఫేస్‌బుక్ సంస్థ వెలువరించిన రియాక్ట్ సాధనమును తొలుత పలువురు నిర్మాతలు ఆక్షేపించిరి. విషయమును, నడతను వేరువేరుగా ఉంచవలెనన్న నియమమును అది మీరినదని వారి వాదము. కాని కోట్లమంది వాడు పుటలలో అది పనిచేయుచుండుట వారి కంటి యెదుటనే యున్నది. రోజర్స్ చెప్పిన ఐదవ గుణమే ఇచ్చట పనిచేసినది. పొరుగువాని పొలము పచ్చగా కనబడినప్పుడు వాదన తానుగా సద్దుమణగును.

తెలుగు అక్షరములకు పట్టాలు

ఇక మన గడపలోనికి వత్తము. కంప్యూటరుకు అక్షరము తెలియదు, సంఖ్య మాత్రమే తెలియును. ఏ అక్షరమునకు ఏ సంఖ్య అను ఒప్పందము లోకమంతటికిని ఒకటిగా ఉండవలెను. ఇంగ్లీషునకు అట్టి ఒప్పందము 1960వ దశకములోనే ఏర్పడినది. భారతీయ లిపులకు మన ప్రభుత్వ సంస్థలు ఇస్కీ అను ప్రమాణమును సిద్ధపరచినవి. దాని 1988 నాటి రూపమును ఆధారముగా గొని, 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగునకు స్థానము లభించినది.

స్థానము లభించినంత మాత్రమున వాడుక రాలేదు. 1990వ దశకము చివర తెలుగు దినపత్రికలు వెబ్‌లో అడుగిడునాటికి సామాన్యుల కంప్యూటర్లు యూనికోడ్ తెలుగును చూపలేకుండెను. అందుచే ఒక్కొక్క పత్రిక తన సొంత ఫాంటును, సొంత సంఖ్యలను కల్పించుకొన్నది. ఒక పత్రిక ఫాంటుతో మరొక పత్రికను చదువ వీలు లేదు. ఒకదానినుండి తీసిన వాక్యము మరొకచోట పెట్టినచో అర్థములేని ఇంగ్లీషు గుర్తుల గుంపుగా కనబడును. వెదకుటకు వీలులేదు. ప్రతి పత్రికయు ఒక నౌపడ; ప్రతి వాక్యమును దింపి ఎక్కింపవలసిన బస్తా.

ఈ చిక్కును విడదీయుటలో ఉత్సాహవంతులైన తెలుగువారు చేసిన కృషి స్మరింపదగినది. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయములో చదివిన తెలుగు విద్యార్థులు 1990వ దశకపు ఆరంభములోనే ఇంగ్లీషు అక్షరములతో తెలుగు వ్రాయు ఒక పద్ధతిని ఏర్పరచిరి. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అను యూనికోడ్ తెలుగు ఫాంటు చేరినది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైనది. దానిని ప్రారంభించిన వెన్న నాగార్జునగారు పద్మ అను సాధనమును గూడ రచించి, పత్రికల సొంత సంకేతములను యూనికోడ్‌లోనికి మార్చు వీలు కల్పించిరి. వీవెన్ అను పేర ప్రసిద్ధులైన సాంకేతికులు 2006లో లేఖిని అను వెబ్ పుటను అందించిరి. ఆ పుట తెరచి ఇంగ్లీషు మీటలతో ఉచ్చారణ ననుసరించి కొట్టినచో తెలుగు అక్షరము వెలువడును. ఏదియు కొనవలసిన పనిలేదు, కంప్యూటరులో ఏదియు ఎక్కింపనక్కరలేదు. ఇంటర్నెట్టు కేంద్రములో గంటకు కిరాయి చెల్లించి కూర్చున్న విద్యార్థి సైతము ఆ గంటలోనే తెలుగు వ్రాయగలిగెను.

ఇచ్చట ఒక విశేషమును గమనింపుడు. ప్రభుత్వము ఆమోదించిన ఇన్‌స్క్రిప్ట్ అను మీటల అమరిక అప్పటికే కలదు. శాస్త్రీయముగా చూచినచో అది చక్కని కల్పన. అచ్చులు ఒక వైపు, హల్లులు మరొక వైపు. తెలుగులో నేర్చినవాడు అదే అమరికతో కన్నడము, హిందీ గూడ కొట్టగలడు. అయినను పెక్కుమంది ఇంగ్లీషు మీటల త్రోవనే పట్టిరి. ఏలయన ఆ మీటలు వారి వ్రేళ్ళకు ముందే తెలుసు. మంచి సాధనము, నేర్చుటకు పది దినములు పట్టునది. అంతకన్న తక్కువ సాధనము, ఈ క్షణముననే పని జరుపునది – ఈ రెండింటిలో జనులు రెండవదానినే చేపట్టుదురు. దీనికై జనులను నిందించుట వ్యర్థము. సాధనమును కల్పించువాడే తొలి మెట్టును తగ్గింపవలెను.

యూనికోడ్ వ్యాపించుటకు మరియొక కారణము యూటీఎఫ్-8 అను సంకేత పద్ధతి. దీనిని 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అను శాస్త్రజ్ఞులు కల్పించిరి. ఇంగ్లీషు అక్షరములకు పాత ఒప్పందములోని సంఖ్యలే ఇందులోను అట్లే యుండును. కాబట్టి అదివరకు వ్రాసిన ఇంగ్లీషు ఫైళ్ళలో ఒక్క అక్షరమైనను మార్చవలసిన పని కలుగలేదు. పాతవారికి నష్టము లేదు, క్రొత్తవారికి చోటు దొరికినది. నేడు వెబ్‌లో దాదాపు అన్ని పుటలును ఈ పద్ధతిలోనే యున్నవి. తెలుగు అక్షర సంకేతమునకు ఇందు మూడు బైట్లు, ఉర్దూ అక్షరమునకు రెండు బైట్లు పట్టును.

ఉర్దూ నస్తాలీఖు పడిన పాట్లు

ఉర్దూ కథ ఇంతకన్న కఠినమైనది. నస్తాలీఖు వ్రాతలో అక్షరములు గీతపై వరుసగా నిలువవు. కుడి నుండి ఎడమకు పోవుచు, పైనుండి క్రిందికి జారుచు, పక్క అక్షరమును బట్టి రూపు మార్చుకొనును. అందువలన చాల కాలము కాతిబులు చేతితో వ్రాసిన ప్రతియే రాతి అచ్చునకు పోయినది. 1981లో పాకిస్తానుకు చెందిన మీర్జా అహ్మద్ జమీల్ గారు మోనోటైప్ సంస్థతో కలిసి నూరీ నస్తాలీఖును సాధించిరి. అక్షరములకు బదులు సుమారు ఇరువది వేల అక్షర గుచ్ఛములను వ్రాసి యంత్రమున కెక్కించిరి. 1994లో ఢిల్లీ నుండి వెలువడిన ఇన్‌పేజ్ సాధనము ఆ అందమును సామాన్య ముద్రణాలయముల బల్లలమీదికి తెచ్చినది. కంటికి నచ్చిన వ్రాత తేలికగా లభించుటచే ఉర్దూ పత్రికాలయములు దానిని ఆదరించినవి.

కాని ఇన్‌పేజ్ తొలి రూపములలోని వ్రాత దాని సొంత సంకేతములలో నుండెను. బ్రౌజర్లు దానిని చదువలేవు. అందుచే ఉర్దూ పత్రికలు పెక్కు ఏండ్లు తమ పుటలను బొమ్మలుగా తీసి వెబ్‌లో ఉంచినవి. కంటికి ఉర్దూ కనబడును గాని కంప్యూటరుకు అది ఉర్దూ కాదు, ఒక ఛాయాచిత్రము మాత్రమే. 1997 నాటి హెచ్.టి.ఎమ్.ఎల్. 4 కుడినుండి ఎడమకు సాగు వ్రాతకు గుర్తు కల్పించినది. ఉర్దూ వికీపీడియా 2004లో మొదలైనది. 2008లో జమీల్ నూరీ నస్తాలీఖ్ అను యూనికోడ్ ఫాంటు, 2014లో గూగుల్ వారి నోటో నస్తాలీఖ్ ఉర్దూ వెలువడినవి. ఇన్‌పేజ్ తరువాతి రూపములలో యూనికోడ్ చేరినది. ఇట్లు అందమునకును, కలియు పట్టాలకును గల వైరము క్రమముగా తీరినది.

సంకేత సంఖ్యలను చదివి, అక్షరములను ఒత్తులతోను, గుణింతములతోను, అతుకులతోను తగిన రూపున కూర్చునట్టి యంత్రాంగ మొకటి కావలెను. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లలోను, ఆండ్రాయిడ్ ఫోన్లలోను ఈ పని చేయు దాని పేరు హర్ఫ్‌బజ్. ఉర్దూ చదివిన మన విద్యార్థులు ఆ పేరు వినినంతనే పోల్చగలరు. హర్ఫ్ అనగా అక్షరము. బాజ్ అనగా పారసీకములో తెరచినది. నిర్మాణము తెరచి అందరికిని ఉచితముగా ఇచ్చిన అక్షర యంత్రమిది. తెలుగు వట్రసుడిని కూర్చునదియు, ఉర్దూ నస్తాలీఖును జార్చునదియు ఆ ఒక్క యంత్రమే. మన కళాశాలలో రెండు భాషల వారును ఒకే వరండాలో తిరుగునట్లు, ఆ రెండు లిపులును ఒకే పనిముట్టులో కలిసినవి.

వాడుక పెరిగినకొలది లోపములు బయటపడును, బయటపడినవి సవరింపబడును. 2018 ఫిబ్రవరిలో తెలుగులోని ఒక సంయుక్తాక్షరపు కూర్పు సందేశములో వచ్చినంతనే ఐఫోన్లలో అనువర్తనములు ఆగిపోయినవి. లోకమంతయు గగ్గోలు పెట్టగా ఆపిల్ సంస్థ కొద్ది దినములలోనే దానిని సరిచేసినది. ఎవరును వాడని లిపిలో అట్టి తప్పు ఎన్నాళ్ళున్నను అడుగువాడుండడు.

గుణుపురము చివర నేర్పు పాఠము

నౌపడ నుండి బయలుదేరిన రైలు గుణుపురములో ఆగును. ఆ పరిసరములు సవరల నివాసము. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడై యుండి సవరల భాషకు జీవితము ధారవోసిన గిడుగు వేంకట రామమూర్తిగారు (1863–1940) సవర పుస్తకములను తెలుగు లిపిలో వ్రాసిరి. 1936లో మంగేయి గొమాంగో అను సవర విద్వాంసుడు సొరా సొంపెంగ్ అను సొంత లిపిని కల్పించెను. 2012లో ఆ లిపికి యూనికోడ్‌లో స్థానము దొరికినది. కాని స్థానము వేరు, వాడుక వేరు. ఫాంటు, మీటల అమరిక, పాఠ్యపుస్తకము, ఆ లిపిలో జాబు వ్రాయు స్నేహితుడు – ఇవన్నియు సమకూరిననాడే లిపి తెరపై జీవించును. రాతిపై చెక్కిన పేరు వలె సంకేతపట్టికలో పేరుండుట గౌరవమే. జీవము మాత్రము వాడువారి వలన వచ్చును. తెలుగునకు, ఉర్దూకు ఆ సదుపాయములన్నియు నేడు సమకూరి యున్నవి. వాడక యుండుట మన లోపమే యగును.

ఎవరికి లాభము?

ఈ వివరములన్నియు నిత్యజీవితమున ఎట్లు పనికివచ్చునో చూతము. ఒక ప్రకటనలో అక్షరములు, గుణింతపు గుర్తులు, ఒత్తులు కలిపి 500 సంకేతములున్నవనుకొనుడు. తెలుగులో దాని బరువు 1,500 బైట్లు. అదే ప్రకటనను కాగితముపై అచ్చొత్తి ఫోనుతో ఛాయాచిత్రము తీసినచో బరువు లక్షల బైట్లకు చేరును. అనగా వంద రెట్లకు పైమాట. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస ప్రాంతమున తీరము దాటినప్పుడు ఉద్దానము పడిన కష్టము మనమెరిగినదే. సంకేతము సన్నగిల్లిన వేళ చిన్న వ్రాత అందును, పెద్ద బొమ్మ అందదు. అంధులైన విద్యార్థులు ఎన్.వి.డి.ఎ. వంటి ఉచిత పఠన సాధనములతో పుటను చెవితో చదువుదురు. వ్రాతను ఆ సాధనము పలుకును. ఆ పని కొరకు పుటలో ఇది తెలుగు, ఇది ఉర్దూ అని భాష గుర్తు పెట్టినచో చాలును. బొమ్మయైనచో అది మూగ. ఉద్దానపు మూత్రపిండ వ్యాధిని గూర్చి తెలుగులో వెదకు కుటుంబమునకు, బొమ్మలలో దాగిన సలహా దొరకుట కష్టము.

కావున క్రొత్తదనముపై మోజుతో బరువైన సాధనములను పేర్చుటయు దోషమే. నాలుగు పుటల కళాశాల వెబ్‌సైటుకు కోట్లమంది వాడు సంస్థ సాధనములు అక్కరలేదు. హెచ్.టి.ఎమ్.ఎల్., సి.ఎస్.ఎస్. చాలును. ఏ సాధనమునైనను చేపట్టుటకు ముందు విద్యార్థులు నాలుగు ప్రశ్నలు వేసికొనవలెనని మా సూచన. ఇది పాత పుటలతో కలియునా? కొద్దిగా వాడి చూచి మానవచ్చునా? తక్కువ ధర ఫోనులో, బలహీనమైన సంకేతముతో తెరచుకొనునా? దీనిని చేసినవారు రేపు చేయి విడిచినను మన వ్రాత మనకు దక్కునా?

మా అనుభవ మొకటి

నాలుగవ ప్రశ్న మాకు అనుభవము నేర్పినది. ఈ సంచిక పనిలో పాత సంచికలనుండి కొన్ని వ్యాసములు తీయదలచితిమి. కంప్యూటరులో దాచిన ఒక తెలుగు సంచిక ఫైలును తెరువగా ఒక్క తెలుగు అక్షరమును కనబడలేదు. తెర నిండ ఇంగ్లీషు గుర్తులు. నాడు అక్షరములు కూర్చిన కేంద్రము మూతపడినది, వారు వాడిన ఫాంటు దొరకలేదు. ఉర్దూ భాగము ఫైలు అసలే తెరచుకొనలేదు. చివరకు గ్రంథాలయములోని అచ్చు ప్రతిని ముందుంచుకొని, ఇద్దరు విద్యార్థులు తెలుగును, ఒకరు ఉర్దూను మొదటినుండి మరల కొట్టిరి. ఒక గజలులో చివరి షేరు ఉన్న కాగితపు మూల చెదలు తినివేసినది. వ్రాసిన విద్యార్థి ఇప్పుడెచ్చటనున్నాడో తెలియదు. ఆ షేరు పోయినది.

అందువలన కళాశాల కమిటీ వారికి సవినయముగా మూడు మనవులు చేయుచున్నాము. ఇకమీదట సంచికకు అక్షరములు కూర్చువారు తెలుగును, ఉర్దూను యూనికోడ్‌లోనే కూర్చి, ముద్రణకు ఇచ్చిన పిమ్మట ఆ వ్రాత ప్రతిని కళాశాలకు అప్పగింపవలెనని ముందే మాట తీసికొనుడు. కళాశాల ప్రకటనలను బొమ్మగా మాత్రమే గాక వ్రాతగా గూడ వెబ్ పుటలో ఉంచుడు. పాత సంచికలను ఏటికి ఒక్కటి చొప్పున విద్యార్థులచే మరల కూర్పింపుడు. దీనికి క్రొత్త కంప్యూటర్లు అక్కరలేదు. కావలసిన ఫాంట్లు ఉచితములు. వానిలో ఒక తెలుగు ఫాంటు పేరు గిడుగు అనియే యుండుట మనకు సంతోషము కలిగించు విషయము.

ఈ పనియు ఒక్కసారిగా జరుగదని మేమెరుగుదుము. అయోవా రైతు వలె మొదట కొద్ది నేలలోనే వేసి చూతము. ఈ సంచికలోని ఒక్క తెలుగు వ్యాసమును, ఒక్క ఉర్దూ గజలును ఈ ఏడు వెబ్ పుటగా మలచినచో చాలును. దానిని ఫోనులో చదివిన పక్క కళాశాలవారు ఎట్లు చేసితిరని అడుగుదురు. మన పాత విద్యార్థి యొకడు ఏ గల్ఫు దేశములోనో తన పేరు వెదకి, తాను చదువుకొను రోజులలో వ్రాసిన పద్యమును కనుగొనును.

నౌపడలో పట్టాలు కలియుటకు నూట పదకొండేండ్లు పట్టినవి. మన రెండు లిపులకు పట్టాలు ఇతరులే కలిపి పెట్టిరి. బండి ఎక్కుట మాత్రమే మనకు మిగిలినది.